జర్నల్ క్లబ్‌కు ముందు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం జర్నల్ క్లబ్‌లో, అదే మీరంతా కలిసి ఒక పరిశోధన పేపరు చర్చించే చోట, డిప్రెషన్ మందు ట్రయల్ మీద మాట్లాడాలని, టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్లో తేలే విషయం కాదు కనుక రాస్తున్నాను.

పేపరు మొదట్లో ఉండే సారాంశం, అబ్‌స్ట్రాక్ట్, ముందు చదవకు. నేనలా చదివే మోసపోయాను. 2001లో స్టడీ 329 అన్న ట్రయల్ అచ్చయినప్పుడు, టీనేజి పిల్లల డిప్రెషన్‌కి పారోక్సెటిన్ అనే మందు పనిచేస్తుంది, పిల్లలు బాగానే తట్టుకుంటారు అన్న ముగింపు చూసి తల ఊపేశాను.

పైకి ఆ డిజైన్‌లో వంక పెట్టడానికేం లేదు. 275 మంది పిల్లలు, లాటరీ పద్ధతిలో మూడు గుంపులు: పారోక్సెటిన్, ఇమిప్రమైన్ అనే ఇంకో డిప్రెషన్ మందు, ప్లసిబో అంటే మందు లేని ఉత్తి బిళ్ల. ఎనిమిది వారాలు, డబుల్ బ్లైండ్: ఎవరికి ఏది ఇచ్చారో పిల్లలకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. గెలుపోటములు తేల్చే కొలతలు రెండు ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ ప్రణాళికలో, ముందే రాసుకున్నారు: డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కోరు ఎంత తగ్గింది, మందుకు స్పందించినవాళ్లు ఎంతమంది. రెండింటిలోనూ పారోక్సెటిన్ ప్లసిబోని దాటలేదు. పేపర్లో మాత్రం వేరే కొలతలు ముందుకొచ్చాయి. పరీక్ష రాశాక తనకొచ్చిన ప్రశ్నలకే మార్కులు వేయమన్నట్టు! అందుకే ప్రోటోకాల్, పేపరు పక్కపక్కన పెట్టుకో. మన దేశపు ట్రయలైతే ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ సీటీఆర్ఐలో వెతుకు, 2009 నుంచి అక్కడ నమోదు తప్పనిసరి.

2015లో వేరే పరిశోధకులు స్టడీ 329 అసలు డేటా తిరగేసి బీఎంజే అనే వైద్య పత్రికలో వేశారు. తగ్గిన స్కోరు పారోక్సెటిన్‌తో 10.7, ఇమిప్రమైన్‌తో 9.0, ప్లసిబోతో 9.1. ఉత్తి బిళ్లతో తొమ్మిది పాయింట్లు! కాలం గడవడం, ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఎలా ఉన్నావని అడగడం, అవీ వైద్యమే మరి. ప్లసిబో గుంపు లేని పేపరైతే ఆ సంగతి మొదటి స్లైడులోనే చెప్పు.

బ్లైండింగ్ అన్న మాట చూసి ఊరుకోకు. ఇమిప్రమైన్ మింగితే నోరెండిపోతుంది. పిల్లాడికి తెలుస్తుంది, అడిగే డాక్టరుకీ తెలుస్తుంది. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో ఎలా కలిపారో కూడా చూడు.

సైడ్ ఎఫెక్ట్స్ టేబుల్ దగ్గర మాత్రం నింపాదిగా ఆగు. స్టడీ 329లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు 'ఎమోషనల్ లేబిలిటీ' (భావోద్వేగాల ఒడుదొడుకులు) అన్న మెత్తటి పేరు కింద కూర్చున్నాయి. పేరు చదివి దాటిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ తర్వాత మా ఓపీకి వచ్చిన పిల్లలకి మందు రాసేటప్పుడు, మొదటి వారాల్లో పిల్లాడిని కనిపెట్టి ఉండమని తల్లిదండ్రులకి గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు.

మీ సార్ ఎదురు ప్రశ్న వేస్తే వాదించకు. టేబుల్ చూపించు. పేపరు నాకూ పంపు, ఆదివారం కలిసి చదువుదాం.

మీ పెదనాన్న