అమ్మాయి పీహెచ్‌డీ అంటోంది, నాన్న డేటా సైన్స్ అంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. సూపర్‌సిమ్మెట్రీ పద్ధతులతో ఆప్టికల్ మెటీరియల్స్ డిజైన్ చేసే పరిశోధనలోకి వెళ్తానంటోంది. ఆ సిద్ధాంతం చెప్పిన కణాలు సెర్న్‌లో (జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల) దొరకనే లేదట కదా! పీహెచ్‌డీ అయ్యేసరికి 28 దాటుతాయి, పెళ్లెప్పుడు? హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్స్ కట్టాను. రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: సూపర్‌సిమ్మెట్రీ అంటే ప్రతి రకం కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే సిద్ధాంతం. ఆ జోడీలు సెర్న్‌లో దొరకలేదన్నది నిజమే. అయితే మీ అమ్మాయి వెళ్తానంటున్నది ఆ కణాల వేటకు కాదు. 1981లో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విట్టెన్ ఈ సిద్ధాంతాన్ని క్వాంటమ్ మెకానిక్స్‌లోకి తెచ్చారు. ప్రకృతిలో ఆ కణాలు ఉన్నా లేకపోయినా ఆ గణితం చెల్లుతుంది. వేవ్‌గైడ్‌లో (కాంతిని దారి తప్పకుండా నడిపించే సన్నని మార్గం) కాంతి సాగే సమీకరణం క్వాంటమ్ మెకానిక్స్‌లోని ష్రోడింగర్ సమీకరణంలాగే ఉంటుంది కాబట్టి, 2013లో ఆప్టిక్స్ శాస్త్రవేత్త క్రిస్టొడులిడెస్ బృందం ఆ గణితాన్ని ఆప్టిక్స్‌లో వాడింది. వేవ్‌గైడ్‌లో కాంతి సాగగల ఒక్కో తీరును మోడ్ అంటారు, వాటిలో మొదటిది ఫండమెంటల్ మోడ్. ఒక వేవ్‌గైడ్ ఇస్తే, ఫండమెంటల్ మోడ్ ఒక్కటి తప్ప దాని మిగతా మోడ్‌లన్నీ ఉండే జోడీ వేవ్‌గైడ్‌ను లెక్కగట్టవచ్చు.

గెయిన్ (కాంతిని పెంచడం), లాస్ (కాంతిని తగ్గించడం) కలిసేసరికి విషయం ఇంకా ఆసక్తికరంగా మారుతుంది. 2019లో అమెరికాలో ఒక లేజర్ శ్రేణి పక్కన లాస్ ఉన్న జోడీ శ్రేణిని పెట్టారు. అక్కర్లేని మోడ్‌లను ఆ జోడీ అణిచేసింది, ఫండమెంటల్ మోడ్ ఒక్కటే వెలిగింది. ఇది ల్యాబ్‌లో చేసి చూపించిన పని, ఊహ కాదు.

నాకున్న భయం వేరు. గెయిన్ మార్చితే రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (పదార్థంలో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) కూడా కదులుతుంది. కాగితం మీద చక్కగా కుదిరిన డిజైన్ చిప్ మీద అలాగే రాదు. అందుకని కేవలం సమీకరణాలతో సాగే పీహెచ్‌డీ వద్దు. సిమ్యులేషన్ కోడ్ స్వయంగా రాయాలి, లేజర్ ల్యాబ్‌తో కలిసి పనిచేసే గైడ్ దొరకాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐసర్‌లు (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు), కొచ్చిన్‌లోని కుసాట్ యూనివర్సిటీ ఫోటోనిక్స్ (కాంతి సాంకేతికత) విభాగం చూడండి. ఫెలోషిప్ లేకుండా మాత్రం చేరనివ్వకండి.

ఇక మీ డేటా సైన్స్. ఈ మాట అనక తప్పదు: మీ ఉత్తరంలో అమ్మాయికి ఏం వచ్చో, ఏదంటే ఇష్టమో ఒక్క మాటైనా లేదు. పక్కింటి అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మన పిల్లల్ని అదే బస్సు ఎక్కిస్తున్నాం. ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకుని, ఇంటర్వ్యూలో స్టాటిస్టిక్స్ ప్రశ్న దగ్గర ఆగిపోయే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. చిన్న చిన్న పనులు ఏఐ టూల్సే చేసేస్తుంటే కంపెనీలు కొత్తవాళ్లలో వెతికేది గట్టి పునాదినే. ఆ పునాది మీ అమ్మాయికి ఉంది. మాట్రిక్స్‌లు, ఐగెన్ విలువలు రోజూ చూసే పిల్లకు ఆ కోర్సులో సగం పాత పాఠమే. పరిశోధన మధ్యలో వదిలినా కోడింగ్ చేతిలో ఉంటుంది, డేటా ఉద్యోగానికి వెళ్లవచ్చు. అటు వెళ్లాక ఫిజిక్స్‌కు తిరిగి రావడమే కష్టం.

మీ అసలు టెన్షన్ పెళ్లి గురించి, డబ్బు గురించి. నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైగా ఇంటి అద్దె భత్యం. ఆమె మీ మీద భారం కాదు. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆమె చదువుకు గౌరవం ఇచ్చే సంబంధం చూడడం మీ చేతిలో ఉంది. ధైర్యంగా ఉండండి, మీ అమ్మాయి బాగా ఆలోచించే ఈ దారి ఎంచుకుంది.

కట్టిన అడ్వాన్స్ ఈ వారమే వెనక్కి అడగండి. ఇవ్వకపోయినా సరే, ఆ డబ్బు కోసం అమ్మాయిని కోర్సులో చేర్చకండి.