ఆరు గీతలున్నంత మాత్రాన గిటార్ కాదు

ప్రశ్న: క్లాసికల్ గిటార్ నేర్చుకుంటున్నాను. యూరప్‌లోని ఒక లైబ్రరీ స్కాన్ చేసి పెట్టిన బరోక్ కాలపు (17, 18 శతాబ్దాల) చేతిరాత టాబ్లేచర్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో గీతల మీద చూపే రాత) దొరికింది. ఆరు గీతల మీద ఎ, బి, డి లాంటి అక్షరాలున్నాయి. గీతల కింద కూడా ఎ అక్షరాలున్నాయి, కొన్నింటికి ముందు ఏటవాలు గీతలు, అక్కడక్కడ 4 అంకె. వాద్యం పేరు ఎక్కడా లేదు. గిటార్ మీద వాయిస్తే ఏదీ కలవడం లేదు. ఇది దేనికోసం రాసింది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బరోక్ గిటార్‌కు ఐదు జంటల తీగలే ఉండేవి, కాబట్టి దాని టాబ్లేచర్‌కు ఐదు గీతలే. మీ దగ్గరున్నది ఫ్రెంచి పద్ధతి రాత. పై గీత అన్నిటికన్నా సన్నని తీగ. ఎ అంటే మెట్టు నొక్కకుండా మీటడం, బి మొదటి మెట్టు. సి ఆ కాలపు చేతిరాతలో చాలాసార్లు ఆర్ లాగా కనిపిస్తుంది, జాగ్రత్త.

ఇక వాద్యం సంగతి. నేనైతే ముందు ప్రతి పాటలోనూ చివరి బార్ (నిలువు గీతల మధ్య ఉండే తాళ భాగం) చూస్తాను. పాట ఎక్కడ ఆగుతుందో అక్కడ స్వరాలు కలిసి తీరాలి. ఒక్క పాటైనా ఆరు గీతల మీదా ఎ అక్షరాలతో ముగిసిందేమో వెతకండి. మీ గిటార్ తీగలన్నీ నొక్కకుండా మీటితే ముగింపు స్వరమేళం రాదు. అదే బరోక్ ల్యూట్ (గిటార్ లాగే మీటి వాయించే పాత తీగల వాద్యం) అయితే వస్తుంది. దాని శ్రుతిలో పైనుంచి కిందికి ఎఫ్, డి, ఎ, ఎఫ్, డి, ఎ (ఇవి స్వరాల పేర్లు, టాబ్లేచర్ అక్షరాలు కావు). అన్నీ కలిసి మీటితే నిండుగా డి మైనర్ పలుకుతుంది.

దీన్ని మీ గిటార్ మీదే పరీక్షించవచ్చు. 5, 6 తీగలను అలాగే ఉంచి, 1వ తీగను సి కి, 2వ దాన్ని ఎ కి, 3వ దాన్ని ఇ కి, 4వ దాన్ని సి కి దించండి. తీగల మధ్య స్వరాల దూరాలు సరిగ్గా ల్యూట్‌వే, శ్రుతి మాత్రం కింద ఉంటుంది, ఎఫ్ ఉండాల్సిన చోట దాని కింది సి పలుకుతుంది. అన్నీ దించడమే కాబట్టి తీగ తెగుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. ఇప్పుడు చివరి బార్లు వాయించి చూడండి. కలిస్తే అది ల్యూటే.

గీతల కింద ఉన్నవి అదనపు మంద్ర తీగలు. ఉత్త ఎ 7వ జంట, ముందున్న వాలు గీతలు ఒకటి, రెండు, మూడు అయ్యేకొద్దీ 8, 9, 10. అంకె 4 అంటే 11వది. 5, 6 అంకెలు కూడా కనిపిస్తే 13 జంటల ల్యూట్. జర్మన్ ల్యూట్ స్వరకర్త సిల్వియస్ లియొపోల్డ్ వైస్ తొలి రచనలు 11 జంటలకు, తర్వాతివి 13 జంటలకు. అయితే ఆ అంకెల సిరా రంగు తక్కినదానితో పోల్చండి, తర్వాతెవరో చేర్చి ఉండొచ్చు.

ల్యూట్ కుటుంబానికే చెందిన మాండొరా కాదని మీ ఉత్తరమే చెబుతోంది. దాని తీగల మధ్య దూరాలు నేటి గిటార్‌వే, అది అయ్యుంటే మీకు ఇట్టే కలిసేది. మొదటి తీగలు రెండూ దించి కట్టే థియొర్బో (పెద్ద ల్యూట్ రకం) అయితే, రాగం ఉన్నట్టుండి 3వ తీగ మీదికి దూకుతుంటుంది. ఏంజెలిక్ అనే మరో ల్యూట్ రకంలో తీగలు వరుస స్వరాల్లో ఉంటాయి, అందులో మెట్లు నొక్కే పని చాలా తక్కువ.

పుస్తకం మొత్తానికీ ఒకే వాద్యమని మాత్రం తేల్చేయకండి. 1699 నాటి వోద్రీ ద సెజెనె చేతిరాత పుస్తకం ఫ్రాన్స్‌లోని బెజాన్సోఁలో ఉంది. అందులో ల్యూట్, థియొర్బో రెండింటికీ పాటలున్నాయి. ఏ పాటకా పాటను పరీక్షించండి. రెండు మూడు చివరి బార్ల నకలు పంపితే నేనూ చూస్తాను.