కాగితం మీద కుదిరిన గీత కంప్యూటర్లో పక్కకి జరుగుతుంటే

కాగితం మీద గీసిన బొమ్మని కంప్యూటర్లోకి కూడా పంపే మీ ఇంక్లింగ్ పెన్ను పాడవలేదండీ, టెన్షన్ పడకండి. కాగితం మీద ముఖం చక్కగా ఉండి, కంప్యూటర్లోకి వచ్చేసరికి కన్ను చెంప మీదకి జారిపోతోందన్నారు కదా, చాలావరకు అది చెయ్యి అడ్డం రావడం వల్లే. వేకామ్ కంపెనీ 2011లో తెచ్చిన ఈ పెన్నులో కెమెరా ఉండదు, మొన దగ్గర నుంచి వచ్చే అల్ట్రాసోనిక్ (చెవికి వినిపించని శబ్దం), ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) సంకేతాలని కాగితం అంచున క్లిప్ పెట్టిన రిసీవర్ అందుకుని గీత ఎక్కడుందో లెక్కేస్తుంది, మధ్యలో మీ వేళ్లు వస్తే ఆ లెక్క తప్పుతుంది. అందుకే పెన్నుని మొనకి కాస్త పైన పట్టుకోండి, కుడిచేతి వాటమైతే రిసీవర్‌ని పైన గానీ ఎడమవైపు గానీ పెట్టండి. కాగితాన్ని అట్టకి గట్టిగా బిగించండి, రిసీవర్ కొంచెం కదిలినా ఆ తర్వాతి గీతలన్నీ జరిగిపోతాయి. కదిలిందనిపిస్తే వెంటనే లేయర్ బటన్ నొక్కండి, అక్కడి నుంచి గీసినదంతా విడి లేయర్‌లో, అంటే బొమ్మలో వేరే పొరలో పడుతుంది కాబట్టి తర్వాత ఒక్కసారే సర్దుకోవచ్చు. ఎస్‌వీజీగా (గీతల్ని గీతలుగానే దాచే ఫైల్ రకం) సేవ్ చేస్తే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీతల్ని విడివిడిగా కూడా జరపొచ్చు.

కనురెప్పల వెంట్రుకల్లాంటి సన్నపని మాత్రం దీంతో వద్దు, నా మాట విని స్కాన్ చేసేయండి.