పెన్సిల్వేనియా వేట రూల్స్: ఏవి పాతబడ్డాయి, ఏవి ఉండాలి

మీ ప్రశ్న ఇది: అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేట చట్టాలు వేరు కదా, వాటిలో కాలం చెల్లినవి, ఎందుకు పెట్టారో అర్థంకానివి ఏవి, వేటకి వెళ్లేవాళ్లు వాటి గురించి ఏమనుకుంటారు? నేను ఉండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్‌కి కాస్త ఉత్తరాన. సొంతూరు చిత్తూరు జిల్లా. 2014 నుంచి ఏటా లైసెన్సు తీసుకుని దుప్పుల వేటకి వెళ్తున్నాను, అందుకని మా రాష్ట్రం సంగతే ఎక్కువగా చెప్తాను. (ఇక్కడి వైట్‌టెయిల్‌ని మనవాళ్లంతా జింక అంటారు గానీ ఏటా కొమ్ములు రాల్చి మళ్లీ పెంచుకునే జంతువు కాబట్టి దుప్పి అనడమే సరి.)

రూలు పాతదైనంత మాత్రాన అది తప్పుడు రూలు అయిపోదు. ఏ రూలైనా నేను ఒకటే చూస్తాను, అది అడవిలో జంతువు కోసం పెట్టిందా, లేక మనుషులు ఒకరి మీద ఒకరు పెట్టుకున్నదా అని. మొదటి రకం ఎంత విసుగు పుట్టించినా నేను పాటిస్తాను, పాటించమని పక్కవాళ్లకీ చెప్తాను. రెండో రకంలోనే పనికిరానివి ఎక్కువ.

ఆదివారం నిషేధం సంగతే చూడండి. 1873 నుంచి మొన్న 2025 దాకా మా రాష్ట్రంలో ఆదివారం వేట మీద నిషేధం ఉండేది. చర్చికి వెళ్లాల్సిన రోజు కాబట్టి కొన్ని పనులు చేయకూడదని అప్పట్లో వచ్చిన చట్టాల్లో ఇదొకటి. మిగతావి చాలావరకు ఎప్పుడో పోయాయి, ఆదివారం షాపులు తెరుస్తున్నారు, ఫుట్‌బాల్ ఆడుతున్నారు, చేపలు పట్టుకోవచ్చు, వేట మీదది మాత్రం అలాగే మిగిలిపోయింది. అందులోనూ కాకులు, నక్కలు, కొయోట్‌లని (తోడేలు లాంటి జంతువులు) ఆదివారం కొట్టవచ్చు, దుప్పిని మాత్రం కొట్టకూడదు అనేవారు. ఆదివారం పూట తుపాకీ మోత తప్పనుకుంటే నక్కకి పేల్చినా అదే మోత కదా! సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకి వెళ్లే నాలాంటివాడికి ఈ రూలు వల్ల వారంలో మిగిలేది శనివారం ఒక్కటి. ఆ శనివారం వాన పడినా, పిల్లాడికి జ్వరం వచ్చినా, ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతం ఉన్నా ఆ వారం పోయినట్టే. నాకు 2017లో విల్లు సీజన్ మొత్తంలో దక్కింది మూడే మూడు రోజులు.

2019లో చట్టం మార్చి ఏడాదికి మూడు ఆదివారాలు ఇచ్చారు, 2025 జులైలో గవర్నర్ జాష్ షపీరో సంతకంతో నిషేధాన్ని పూర్తిగా ఎత్తేశారు. ఆ సెప్టెంబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా 13 ఆదివారాలు తెరిచారు. అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున చెట్టు మీద మంచెలో కూర్చున్నాను. ఆరోజు ఏమీ కనపడలేదు, ఉడతలు తప్ప. అయినా ఆ పొద్దుట నాకున్నంత సంతోషం ఇంకెప్పుడూ లేదు.

వ్యతిరేకించినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వారంలో ఒక్క రోజైనా భయం లేకుండా అడవిలో నడవాలనుకునేవాళ్లు, తమ పొలంలోకి ఎవరూ రాకుండా ఒక్క రోజు కావాలనుకునే రైతులు ఉన్నారు. ఇక్కడ సగం వేట రైతు మంచితనం మీదే నడుస్తుంది, ఆయన రమ్మంటేనే మనం ఆ పొలంలో అడుగుపెట్టగలం. అందుకే 2019 చట్టంలో ఆదివారం ప్రైవేటు భూమిలోకి వెళ్లాలంటే రాతపూర్వకంగా అనుమతి ఉండాలన్నారు, అది న్యాయమే అని నా అభిప్రాయం. మెయిన్, మసాచుసెట్స్‌లలో ఇప్పటికీ ఆదివారం వేట లేదు. మెయిన్‌లో 2021లో ప్రజలు ఓటేసి రాజ్యాంగంలో ఆహార హక్కు చేర్చుకున్నారు, దాని ఆధారంగా ఒక జంట ఆదివారం నిషేధం మీద కోర్టుకి వెళ్తే 2024లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు నిషేధం చెల్లుతుందనే తీర్పు చెప్పింది.

గులాబీ రంగు కవర్ల గురించి తెలుసా? ఆడ దుప్పిని కొట్టాలంటే విడిగా ఇంకో లైసెన్సు కావాలి. 2022 దాకా దాన్ని జిల్లా ట్రెజరర్లు మాత్రమే ఇవ్వాలని చట్టం. ఒక గులాబీ రంగు కవరులో ఫారం, చెక్కు, తిరుగు టపాకి స్టాంపులు పెట్టి ఫలానా తేదీకి అందేలా పోస్టు చేయాలి, వాళ్లు వచ్చిన వరసలో ఇస్తారు, అయిపోతే అయిపోయినట్టే. మామూలు లైసెన్సు ఐదు నిమిషాల్లో కంప్యూటర్లో దొరికే కాలంలో, దీని కోసం నేను ఏడాదికి ఒక్కసారి చెక్కుబుక్కు వెతుక్కునేవాడిని. ఒక ఏడాది చెక్కు మీద సంతకం మర్చిపోయాను, కవరు తిరిగొచ్చేసరికి మా ప్రాంతం కోటా అయిపోయింది. 2023 నుంచి ఆన్‌లైన్‌లోనూ, లైసెన్సులు అమ్మే ఏ షాపులోనైనా ఇస్తున్నారు. ఆ పాత పద్ధతికి దుప్పులతో ఏ సంబంధమూ లేదు, ఎవరు అమ్మాలన్నదే అందులో ఉన్నదంతా.

చట్టం మారినా మనుషుల మనసులో మిగిలిపోయే రూలు ఒకటుంది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. నాకు వేట నేర్పింది మా పక్కింటి పెద్దాయన, ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయన తండ్రి బతికినన్నాళ్లూ ఆడ దుప్పి మీద తుపాకీ ఎత్తలేదట, ఎత్తినవాడితో మాట్లాడేవాడు కాదట. ఎందుకంటే పంతొమ్మిదో శతాబ్దం చివరికి పెన్సిల్వేనియాలో దుప్పులు దాదాపు కనపడకుండా పోయాయి, అడవులు నరికేశారు, మాంసం కోసం, తోళ్ల కోసం సంతల్లో అమ్మడానికి అడ్డూ అదుపూ లేకుండా చంపేశారు. 1895లో వేట సంగతులు చూడటానికి గేమ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థని పెట్టారు, 1906లో మిషిగన్ నుంచి దుప్పులు తెప్పించి వదిలారు, 1907లో ఆడవాటిని కొట్టకూడదని చట్టం చేశారు. ఆ రోజుకి అంతకంటే మంచి చట్టం లేదు. కానీ ఇరవై ఏళ్లు తిరిగేసరికి దుప్పులు ఎంత పెరిగాయంటే అడవిలో మొక్క మొలిస్తే మొలిచినట్టే కొరికేసేవి, చలికాలంలో తిండిలేక గుంపులుగా చచ్చేవి. 1920లలో ఆడవాటికీ సీజన్ తెరుస్తామంటే వేటగాళ్లే తిరగబడ్డారు. ఆడ దుప్పుల్ని కాపాడమని నేర్పిన రూలుని వాళ్లు ధర్మంగా తీసుకున్నారు, ఆ ధర్మం కొడుకులకీ మనవళ్లకీ వచ్చింది.

నేను మొదటిసారి ఆడ దుప్పిని కొట్టానని ఫోన్‌లో చెప్తే మా నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆడదాన్ని కొడితే పాపం కదరా, కడుపుతో ఉండుంటే?" అన్నాడు. పెన్సిల్వేనియా ముసలాయన తండ్రి మాటా, చిత్తూరు జిల్లా రైతు మాటా ఒకటే. నేను నాన్నకి నచ్చజెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. మా ఇంటి వెనక అడవికి వస్తే ఎవరికైనా చూపిస్తాను, మనిషి నడుము ఎత్తు దాకా ఒక్క చిన్న ఓక్ మొక్క కూడా లేదు, పెద్ద చెట్లూ, వాటి కింద దుప్పులు ముట్టని ఫెర్న్ ఒక్కటే. దుప్పి నోరు అందేంత ఎత్తు వరకు గీత గీసినట్టు ఉంటుంది. ఆడవాటిని తగ్గించకపోతే రేపు ఆ అడవికి పిల్ల చెట్లు ఉండవు. మగవాటికి 2002 నుంచి ఒకవైపు కొమ్ముకి కనీసం మూడు కొనలు ఉంటేనే కొట్టాలి (పశ్చిమాన కొన్ని ప్రాంతాల్లో లెక్క వేరు). ఏడాదిన్నర వయసు మగవాటిని వదిలెయ్యడానికి పెట్టింది. మసక చీకట్లో బైనాక్యులర్‌లో కొనలు లెక్కపెట్టలేక వదిలేసుకున్నవి నావి నాలుగైదు ఉంటాయి, అయినా ఈ రూలు నాకు ఇష్టం.

చిరాకు పుట్టించేవాటిలో ట్యాగ్ ఒకటి, అంటే లైసెన్సుతో పాటు ఇచ్చే చీటీ. దుప్పి పడగానే, దాన్ని అక్కణ్నించి కదపకముందే, ట్యాగ్ మీద తేదీ, టైమ్, చోటు బాల్‌పాయింట్ పెన్నుతో రాసి చెవికి కట్టాలి. నా రెండో ఏడాది, డిసెంబరులో, చేతులు కొంకర్లు పోయే చలి, పెన్నులో ఇంకు గడ్డకట్టి కాగితం మీద గీత కూడా పడలేదు. చీకటి పడుతోంది, కారు పావు మైలు దూరంలో ఉంది, కారు దగ్గరికి ఈడ్చుకెళ్లి రాసుకుందాం అన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. పెన్ను తీసుకుని తన చంకలో పెట్టుకుని మంచులో పది నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత రాశాను, అక్షరాలు వంకర్లు పోయాయి. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి రెండు పెన్నులు లోపలి జేబులో పెట్టుకోమని మొదటి రోజే చెప్తాను. ఒకే ట్యాగ్ మీద రెండు మూడు దుప్పుల్ని ఇంటికి చేర్చేవాళ్లు ఉంటారు, వాళ్లని ఆపేది ఆ కాగితం ముక్కే.

వసంతంలో టర్కీ కోడి సీజన్ కూడా అలాంటిదే. మొదటి రెండు వారాలు మధ్యాహ్నం పన్నెండుకి ఆపెయ్యాలి. కొత్తవాళ్లు దీన్ని చూసి ఇదేం రూలు అంటారు. ఆ రోజుల్లో పెట్టలు గుడ్ల మీద పొదుగుతుంటాయి, మనం రోజంతా అటూ ఇటూ తిరిగితే బెదిరి లేచిపోతాయి. మూడో వారం నుంచి రోజంతా తిరగవచ్చు.

క్రిస్మస్ తర్వాత వచ్చే చెకుముకి తుపాకీ సీజన్ మాత్రం చెప్పకుండా ఉండలేను. 1974లో మొదలైంది. అందులో వాడే తుపాకీ 1800కి ముందున్న రకం అయి ఉండాలి, గొట్టంలో మందు దట్టించి, చెకుముకి రాయి ఉక్కుకి తగిలి నిప్పురవ్వ పుడితేనే పేలాలి. ఇంత టెక్నాలజీ ఉన్న దేశంలో ఇదేం పిచ్చి అని మా ఆఫీసులో అడుగుతారు. ట్రిగర్ నొక్కాక నిప్పు అంటుకోవడానికీ గుండు బయటికి రావడానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది, మొహం ముందు పొగ లేస్తుంది, ఆ క్షణం కదలకుండా నిలబడాలి. వాన చినుకు పడితే ఒక్కోసారి అసలు పేలదు. అంత కష్టం కాబట్టే దుప్పికి తప్పించుకునే వీలు ఎక్కువ, అడవిలో మనుషులు తక్కువ. ఈ రూలు తీసేస్తామంటే మీటింగ్‌కి వెళ్లి మైకు పట్టుకుని వద్దని చెప్తాను.

వేట మాంసం అమ్మకూడదన్నది ఇంకోటి. పార్టీల్లో మనవాళ్లు అడుగుతారు, "అన్నా, డబ్బులిస్తాం, ఒక తొడ ఇవ్వండి" అని. ఊరికే ఇస్తాను గానీ డాలరు కూడా తీసుకోను, తీసుకుంటే నేరం. దుప్పులు మాయమైపోవడానికి అమ్మకాలు కూడా కారణమని పైన చెప్పాను కదా, అందుకే ఈ రూలు ఎంత పాతదైనా అలాగే ఉండాలి.

ఇక మన తెలుగువాళ్లకి నేరుగా తగిలే వింత రూలు ఒకటుంది, ఇది రాష్ట్రానిది కాదు, ఫెడరల్ చట్టం, కానీ తాళం చెవి రాష్ట్రం చేతిలో ఉంది. హెచ్‌1బీ, ఎఫ్1 లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని 1998లో చట్టం వచ్చింది. దానికి ఉన్న ముఖ్యమైన మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు ఉంటే పెట్టుకోవచ్చు. ఇంటి భద్రతకి తుపాకీ కావాలనుకున్నవాళ్లు జీవితంలో అడవి మొహం చూడకపోయినా, క్లాసుకి వెళ్లి, పరీక్ష రాసి, వేట లైసెన్సు కొంటున్నారు. వేటగాడిగా ఇది నాకు బాధగా ఉంటుంది. భద్రత గురించి ఏదైనా అనాలనుకుంటే ఆ మాటే చట్టంలో రాయాలి, వేటని దొడ్డిదారి చెయ్యకూడదు. దీనివల్ల ప్రమాదం కూడా ఉంది. పెన్సిల్వేనియా లైసెన్సు జులై 1 నుంచి జూన్ 30 దాకానే. జూన్ 30 అర్ధరాత్రి దాటితే, గ్రీన్ కార్డు లేనివాడి ఇంట్లో బీరువాలో ఉన్న అదే తుపాకీ ఫెడరల్ నేరం కిందికి వస్తుంది, వాడు దాన్ని ముట్టుకోకపోయినా సరే. సీజన్ సెప్టెంబరులో కదా, అప్పుడు రెన్యూ చేద్దాంలే అనుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

రెండేళ్ల కిందట జూన్ 28న మా ఆఫీసులో పనిచేసే తమ్ముడొకడు డిన్నర్‌కి మా ఇంటికి వచ్చాడు, హెచ్‌1బీ మీద ఉన్నాడు, మాటల్లో లైసెన్సు తేదీ అడిగితే తెలీదన్నాడు. పర్సులోంచి తీయించి చూశాను, ఇంకా రెండు రోజులే ఉంది. అన్నం పళ్లెం పక్కన పెట్టించి, నా ల్యాప్‌టాప్‌లోనే 20 డాలర్ల 97 సెంట్లు కట్టించి, కొత్త ఏడాది లైసెన్సు ప్రింట్ తీసి చేతికిచ్చాను. మీలో ఎవరైనా అదే వీసా మీద ఉంటే, ఇది చదవడం ఆపి ముందు మీ లైసెన్సు మీద తేదీ చూసుకోండి.