గోడ కూలితే మేస్త్రీ రాసిచ్చిన స్టాంపు పేపరు కాపాడుతుందా?

ప్రశ్న: విజయనగరం జిల్లా ఎస్.కోట దగ్గర కొండవాలులో ఫంక్షన్ హాల్ కడుతున్నాం. వెనక మట్టి జారకుండా నాలుగు మీటర్ల రిటైనింగ్ వాల్ లేపాలి, పదిహేను మంది పనివాళ్లు. జేసీబీతో నిలువుగా కోసేసి రాతికట్టు కట్టేద్దాం అంటున్నాడు మేస్త్రీ. కూలీల భద్రత తన డ్రాయింగ్‌లోకి రాదంటున్నారు ఇంజనీరు. ఏం జరిగినా తనదే పూచీ అని మేస్త్రీతో స్టాంపు పేపరు మీద రాయించుకుంటే చాలా సార్?

జవాబు: చాలదు. ఆ కాగితం తర్వాత మీరూ మేస్త్రీ లెక్క తేల్చుకోవడానికి పనికొస్తుందేమో గానీ, కూలీకి రావలసిన నష్టపరిహారాన్ని ఆపలేదు, పోలీసు కేసునూ ఆపలేదు. నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. ఎవరికీ ఏమీ కాకపోయినా, కట్టడం పనిలో ప్రాణాపాయం లేకుండా జాగ్రత్త తీసుకోలేదని 290 కింద ఆరు నెలల వరకు పడొచ్చు.

ఇంజనీరు గారి మాట అసలు నిలబడదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 9వ సెక్షన్ చూపించండి: ప్లాన్ గీసే దశలోనే కట్టేవాళ్ల భద్రత, ఆరోగ్యం ఆలోచించాల్సిన బాధ్యత డిజైన్ చేసినవాళ్లదే. భవన నిర్మాణ కార్మికుల కోసం చేసిన 1998 నాటి కేంద్ర నిబంధనల్లోనూ ఇదే ఉంది. కొత్తేం కాదు, ఎవరూ చదవరంతే.

మీ గోడలో అసలు ప్రమాదం కోతకీ గోడకీ మధ్య సందులో ఉంది. పునాది, వెనక మెటల్ (కంకర) నింపడం, అన్నీ ఆ సందులో దిగి చేయాల్సిన పనులే. నిలబడిన చోటు నుంచి మట్టి ఒకటిన్నర మీటర్లు దాటి లేస్తే దన్ను కట్టాలని ఆ 1998 నిబంధనలు చెబుతాయి, మీదేమో నాలుగు. స్థలం ఉంటే ఒకే గోడ బదులు రెండు మెట్లుగా విడగొట్టి, కోతను వాలుగా ఇచ్చి, నీళ్లు పోయే రంధ్రాలతో డ్రాయింగ్ మార్చమనండి. రాళ్ల బరువూ డిజైన్ విషయమే. మగవాళ్లు 55 కిలోలు, ఆడవాళ్లు 30 కిలోలు మించి మోయకూడదు (మన సైట్లలో తూకం ఎవరు వేస్తారు లెండి). కోయనక్కర్లేని సైజులో చిన్న రాయో బ్లాకో ఎంచుకుంటే నడుములూ మిగులుతాయి, రాయి కోస్తే లేచి ఊపిరితిత్తుల్లోకి పోయే సిలికా దుమ్మూ తగ్గుతుంది.

కోత వాలు, పని వరుస చూపించే సంతకం చేసిన డ్రాయింగ్ కావాలని ఇంజనీరుకి రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్ అయినా సరే, తేదీ ఉంటుంది. అది చేతికొచ్చేదాకా జేసీబీని దించకండి. ముసురులో అయితే అసలే వద్దు. పనివాళ్లందరికీ నష్టపరిహారం బీమా తీసుకోండి, పాలసీలో మేస్త్రీతో పాటు మీ పేరూ ఉండాలి.