పైథాన్ సందేహాలు: పిప్ మొరాయిస్తోంటే...

ప్రశ్న: ఉబుంటు 24.04లో పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) పాండాస్ లైబ్రరీ వేద్దామంటే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఎర్రర్ వస్తోంది. సుడో (అడ్మిన్ హక్కులిచ్చే కమాండ్) పెట్టినా అంతే. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ పెట్టేయమంటున్నాడు ఫ్రెండు. పెట్టొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. ఉబుంటు సొంత టూల్స్ చాలావరకు సిస్టమ్‌తో వచ్చిన పైథాన్ మీదే నడుస్తాయి, వాటి లైబ్రరీలను ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఏపీటీ చూసుకుంటుంది, మధ్యలో పిప్ దూరి అదే లైబ్రరీకి ఇంకో వెర్షన్ పెడితే సంబంధం లేని ప్రోగ్రాం ఎక్కడో ఆగిపోతుంది, కారణం వెతకలేక చస్తాం. అందుకే పెప్ 668 అనే పైథాన్ ప్రతిపాదన ప్రకారం డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఈ అడ్డు పెట్టారు.

ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలు విడిగా ఉండే ఫోల్డర్) పెట్టుకోండి. ముందు ఏపీటీతో ‘పైథాన్3-వెన్వ్’ ప్యాకేజీ వేయండి, ఉబుంటులో అది విడిగా వస్తుంది. తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ‘పైథాన్3 -ఎం వెన్వ్ .వెన్వ్’ కొట్టి, దాని బిన్‌లో ఉన్న యాక్టివేట్ ఫైల్‌ను ‘సోర్స్’ కమాండ్‌తో నడపండి. ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లలో .వెన్వ్ అని కనిపిస్తే ఇక పిప్‌కు సుడో అక్కర్లేదు. ఈ ఫోల్డర్‌ను మాత్రం గిట్‌లోకి (కోడ్ మార్పులు దాచే టూల్) ఎక్కించకండి, ‘పిప్ ఫ్రీజ్’ కమాండ్ ఇచ్చిన ప్యాకేజీల లిస్టును రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో దాచుకుంటే చాలు. పాడైతే డిలీట్ చేసి మళ్లీ కట్టుకోవచ్చు, టెన్షన్ లేదు.

ప్రశ్న: 2 లక్షల ఫోన్ నంబర్లలో డూప్లికేట్లు తీయడానికి ఒక్కో నంబరు ముందే వచ్చిందా అని లిస్టులో ‘ఇన్’తో చూస్తున్నా. చాలా స్లో.

జవాబు: లిస్టయితే ప్రతి నంబరుకూ మొదటి నుంచి వెతుకుతుంది. చూసిన నంబర్లను సెట్‌లో (ఒక్కో విలువ ఒక్కసారే ఉండే పైథాన్ డేటా టైప్) వేయండి, హ్యాష్‌తో నేరుగా దొరుకుతాయి. వరుస చెదరకూడదంటే పైథాన్ 3.7 నుంచి ‘డిక్ట్.ఫ్రమ్‌కీస్’తో ఒక్క లైన్లో పని అయిపోతుంది.