ఫోన్ ఎత్తరా అల్లుడూ

అల్లుడూ,

నిన్న ఇక్కడ డాలస్‌లో సాయంత్రం ఆరింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. నరసరావుపేటలో అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. "వాడు సొంత ట్రక్కు కొంటున్నాడట, ఏదో కంపెనీకి లీజుకు పెడతాడట, జీతం ఉండదట, లోడ్లు ఎవరో ఏజెంట్ల దగ్గర తనే వెతుక్కోవాలట, నువ్వు చేసింది ఆ పనే కదా, వాడికి ఒక్క మాట చెప్పరా" అంది. ఆ వేళప్పుడు లేచి కూర్చుందంటే రాత్రంతా పడుకోలేదని అర్థం. తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. మూడేళ్లు కంపెనీ బండి నడిపి, ఒక్క ట్రాఫిక్ టికెట్టు కూడా పడకుండా, డౌన్ పేమెంట్ నీ చేత్తో కూడబెట్టుకున్నావంటే గర్వంగా ఉంది. కడుపులో ఒక మూల భయంగానూ ఉంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. బండి ఆపి తీరిగ్గా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తా. 2290 టాక్సు, అంటే పెద్ద ట్రక్కుల మీద వేసే ఫెడరల్ పన్ను, ఏడాదికి 550 డాలర్లు, ట్రక్కు నీ పేరున ఉంది కాబట్టి నువ్వే కట్టాలి, ఆగస్టు నెలాఖరులోపు. రిపేర్ల డబ్బు వేరే ఖాతాలో పెట్టు, దాన్ని ఇంటి అద్దెకు ముట్టుకోకు. టైర్లు నువ్వే చూసుకో.

లీజు కాగితం మాత్రం ప్రతి పేజీ చదవాలి. ఫెడరల్ రూల్సులో 376 అని ఒక భాగం ఉంది, అది నీలాంటివాళ్ల కోసమే రాశారు. లోడు దింపి కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లోపు కంపెనీ నీకు డబ్బివ్వాలి. నీకు శాతం లెక్కన ఇస్తున్నారు కాబట్టి షిప్పర్‌కి, అంటే సరుకు పంపేవాళ్లకి, వేసిన బిల్లు కాపీ నీకు చూపించాలి, 70 శాతమంటే దేనిమీద 70 శాతమో తెలియాలి కదా. ఎస్క్రో కింద, అంటే పూచీగా, పట్టుకున్న డబ్బు, లీజు రద్దయ్యాక 45 రోజుల్లోపు లెక్క చూసి తిరిగివ్వాలి. డీజిల్ ఖర్చు కోసం కిరాయి పైన వేసే సర్‌చార్జి మొత్తం నీకే వస్తుందా, అందులోనూ కోత ఉందా అని అడుగు. కంపెనీ ట్రెయిలర్ వాడుకుంటే శాతం తక్కువిస్తారు, సొంత ట్రెయిలర్ ఉంటే ఎక్కువిస్తారు. మొదటి ఏడాది ట్రెయిలర్ జోలికి పోకు, ఒక అప్పు చాలు.

ఇక ఏజెంట్ల సంగతి. ఇన్నాళ్లూ నీకు డిస్పాచర్ ఉన్నాడు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయావు. ఇప్పుడు అలా చెప్పేవాడు ఉండడు. ట్రక్కు తలుపు మీద కంపెనీ పేరు, రవాణా శాఖ కంపెనీకి ఇచ్చిన డాట్ నంబరు ఉంటాయి, సరుకు ఇన్సూరెన్స్ వాళ్లదే, బిల్లు వాళ్లే వేస్తారు, కానీ సరుకు తెచ్చేది ఏజెంటు. ల్యాండ్‌స్టార్ లాంటి పెద్ద కంపెనీలు నడిచేది ఇలాగే. ఏజెంటు కంపెనీ ఉద్యోగి కాదు, ఏదో ఊళ్లో సొంత ఆఫీసు పెట్టుకుని, సొంత షిప్పర్లను పట్టుకుని, వాళ్ల సరుకు కంపెనీ బోర్డు మీద, అంటే ఆన్‌లైన్ లోడ్ల జాబితాలో, పెడతాడు, కంపెనీ అతనికి కమీషన్ ఇస్తుంది. నువ్వు బోర్డు చూసి ఫోన్ చేస్తావు. నచ్చకపోతే వద్దంటావు. ఈ స్వేచ్ఛ కోసమే కదా నువ్వు ట్రక్కు కొంటున్నది. అయితే వద్దనే హక్కు అతనికీ ఉంది, అది మర్చిపోకు.

బోర్డు అందరికీ కనిపిస్తుంది. బోర్డు మీదకు రాకముందే నీకు ఫోన్ వచ్చే లోడ్లు వేరే ఉంటాయి, బతుకు నడిచేది వాటితోనే. అవి రావాలంటే ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఏ ఏజెంటు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వారం వారం వేస్తున్నాడో రాసుకో. కొందరు సొంత షిప్పర్ సరుకే వేస్తారు, కొందరు వేరే బ్రోకర్ దగ్గర తెచ్చి వేస్తారు, రెండోదాంట్లో మధ్యలో ఇంకో చెయ్యి పడుతుంది కాబట్టి కిరాయి తగ్గుతుంది. మొదటిరకం వాళ్లను పట్టుకో. ఖాళీ అయ్యాక ఫోన్ చేయకు, ఒకరోజు ముందే చెయ్యి. "రేపు మధ్యాహ్నం రెండింటికి మెంఫిస్‌లో ఖాళీ అవుతా, 53 అడుగుల వ్యాను, రూలు ప్రకారం నడపడానికి నాకు ఇంకా ఇన్ని గంటలు మిగిలున్నాయి" అని చెబితే, అవతలివాళ్లకు నువ్వు పని తెలిసినవాడివని మొదటి మాటలోనే అర్థమవుతుంది. లోడు దింపాక కాగితాలు ఆ సాయంత్రమే పంపు. రెండు గంటలు దాటి నిలబెడితే డిటెన్షన్ డబ్బు అడుగు, కానీ లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము కాగితం మీద రాయించుకుని అడుగు.

కిరాయి చూసినప్పుడు ఖాళీ మైళ్లు కలిపి చూడు. డాలస్ నుంచి అట్లాంటా 780 మైళ్లు, 2,200 డాలర్లు అన్నారనుకో. 70 శాతానికి నీకు 1,540. ఎక్కించుకోవడానికి ఖాళీగా 70 మైళ్లు పోయావు, మొత్తం 850 మైళ్లు. మైలుకు 1.81 పడింది. గ్యాలన్‌కి ఆరున్నర మైళ్లు, డీజిల్ 4 డాలర్లు అనుకుంటే 520 పైచిలుకు అందులోనే పోయింది. ఇది కళ్లు మూసుకుని చేయగలగాలి. ఫ్లోరిడా లోడు కిరాయి చూసి మురిసిపోకు. ఆ రాష్ట్రంలోకి పోయే సరుకు ఎక్కువ, బయటికి వచ్చేది తక్కువ, వసంతంలో కూరగాయల సీజన్ తప్పిస్తే. మయామిలో దింపాక జార్జియా సరిహద్దు 350 మైళ్లకు పైనే ఉంటుంది, ఆ దూరం ఎవరి డబ్బుతో వస్తావో పోయేముందే లెక్కేసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు తెలియదు, చెప్పకు కూడా.

2010 డిసెంబరు. అప్పటికి నేను లీజుకు పెట్టి రెండేళ్లయింది. టెనెసీలో ఒక చిన్న ఊళ్లో ఒకావిడ ఏజెంటు, ఆవిడా, ఆవిడ కొడుకూ ఇద్దరే ఆఫీసు. నాష్‌విల్ దగ్గర ఒక ఫ్యాక్టరీ నుంచి టెక్సాస్ సరిహద్దులో ఉన్న లరేడోకి కారు విడిభాగాలు పోయేవి, వారానికి ఒకటి నాకే. లరేడో దాటి మెక్సికోలో కార్ల ఫ్యాక్టరీ లైను మీదకు పోయే సరుకు, ఆలస్యం కాకూడదు. నా ట్రక్కు వాయిదాలన్నీ ఆవిడ చేతి చలవే. ఆ వారం బుధవారం ఓక్లహోమా సిటీలో దింపాను, శుక్రవారం పొద్దున ఏడింటికి నాష్‌విల్ దగ్గర ఎక్కించుకోవాలి. గురువారమంతా ఖాళీగా పోవాలని బాధపడుతుంటే ఇంకో ఏజెంటు తగిలాడు, టల్సా నుంచి సెయింట్ లూయిస్‌కి చిన్న లోడు, నా చేతికి 600 డాలర్లు. దారిలోదే కదా అనుకున్నాను. ఆవిడకు చెప్పలేదు.

టల్సాలో ఎనిమిదింటికి ఎక్కించాల్సినవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు వదిలారు. మిస్సోరిలో మంచు మొదలైంది. రోలా దగ్గరికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది, రూలు ప్రకారం రోజుకు నాకున్న పద్నాలుగు గంటలూ అయిపోయాయి. అక్కడ ఆపి, ఆవిడకు ఫోన్ చేసి, "అమ్మా, ఇలా ఇరుక్కుపోయాను, పొద్దున ఏడింటికి రాలేను" అని చెప్పాల్సింది. రాత్రి తొమ్మిదికి చెబితే ఆవిడ ఇంకో ట్రక్కు చూసుకునేది. చెప్పలేదురా. సిగ్గేసింది. ఆశపడి మధ్యలో ఇంకో లోడు పెట్టుకున్నానని ఒప్పుకోవాలి కదా. అప్పట్లో నడిపిన గంటల లాగ్ కాగితం మీదే, మనం రాసుకున్నదే లెక్క, ఇప్పటిలా గంటలు తనే రాసుకునే యంత్రం, ఈఎల్‌డీ, ట్రక్కుకు లేదు. నడిపేశాను. అర్ధరాత్రి దింపి, మళ్లీ బయల్దేరాను.

తెల్లవారుజామున నాలుగింటికి కెంటకీలో, పడూకా దగ్గర, టైర్ల కింద గరగరమని చప్పుడు. రోడ్డు అంచున గీతలు కొట్టి ఉంటాయే, వాటి మీదకు ఎక్కేసింది బండి. ఆ చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎప్పుడు కన్ను మూతపడిందో నాకు గుర్తులేదు, ఇప్పటికీ గుర్తు రాదు. హెడ్‌లైట్ వెలుతురులో గార్డ్ రైలు నా కుడిచేతి పక్కన ఇంత దగ్గరగా, మంచు అతుక్కుని కనిపించింది. తర్వాతి ఎగ్జిట్‌లో ఆపాను. చేతులు స్టీరింగ్‌ని వదల్లేదు, ఒక్కో వేలూ తీసుకోవాల్సి వచ్చింది. మీ అత్త అప్పుడు ఏడో నెల.

పడుకుని లేచేసరికి తొమ్మిదిన్నర. పదకొండు మిస్డ్ కాల్స్. చూస్తుండగానే పన్నెండోది మోగింది. ఫోన్‌ని పక్క సీటులో దుప్పటి మీద బోర్లా పెట్టాను. దుప్పటి అంచు చుట్టూ వెలుతురు వస్తూ ఆగుతూ ఉంది, అది చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండింటికి గానీ చేయలేకపోయాను. ఆవిడ కేకలేయలేదు. "నువ్వు చచ్చిపోయావేమో అనుకున్నాను" అంది. తర్వాత, "ఆలస్యమైతే షిప్పర్‌కి నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను. నువ్వు ఎక్కడున్నావో తెలియకపోతే నేనేం చెప్పను?" అంది. షిప్పర్ ఆ రూటు వేరేవాళ్లకు ఇచ్చేశాడు. నా 600 డాలర్లకు ఆవిడ వారంవారం వచ్చే పని పోయింది. జనవరిలో ఆ ఊరు వెళ్లి ఆఫీసులో కూర్చుని క్షమించమని అడిగాను. కాఫీ ఇచ్చింది. ఎనిమిది నెలలు లోడు మాత్రం ఇవ్వలేదు. తర్వాత ఒక ఆదివారం సాయంత్రం తనే ఫోన్ చేసింది, నేను ఒక్క రింగుకే ఎత్తాను. నేను పని మానేసేదాకా ఆవిడ లోడ్లే ఎక్కువ లాగాను.

ఆ రోజుల్లో నాకు మాటిమాటికీ మీ తాత గుర్తొచ్చేవాడు. గుంటూరు మిర్చి యార్డులో ఎన్నేళ్లయినా ఒకే కమీషన్ కొట్టుకు వేసేవాడు. నేను పదేళ్లవాణ్ని, తీసుకెళ్లాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా, అది విప్పకముందే, "ఈ ఎనిమిది టిక్కీల్లో తాలు కాయ కలిసింది, విడిగా పెట్టించండి" అని కొట్టాయనతో తనే చెప్పాడు. దారిలో నేను కోపంగా, ఎందుకు చెప్పావు నాన్నా అన్నాను. "వచ్చే ఏడాదీ ఇక్కడికే రావాలి కదరా" అన్నాడు. అంతే. ఆయన కొడుకునై ఉండి అలా చేశాను.

అందుకే చెబుతున్నా, ఏజెంటుకు చెడ్డ కబురు ముందు నీ నోటి నుంచే పోవాలి. టైరు పేలితే, షిప్పర్ ఆలస్యం చేస్తే, నువ్వే తప్పు చేస్తే కూడా. ఆశపడి రెండు లోడ్లు ఒప్పుకుంటే ఒప్పుకున్నానని చెప్పు. తిడతారు, తిట్టించుకో. ఇప్పుడు ఈఎల్‌డీ ఉంది, గంటలు దాటితే తెలిసిపోతుంది, కానీ గంటలు మిగిలి ఉన్నా నిద్ర రావచ్చు, ఆ యంత్రం నీ కళ్లలోకి చూడదు. కన్ను బరువెక్కితే ఆగు, ఎవరి లోడైనా సరే. ఇంకోటి, చలికాలంలో వయోమింగ్‌లో ఐ-80 హైవే మీద, లారమీ, రాలిన్స్ మధ్య ఖాళీ ట్రెయిలర్‌తో పోయి ఎక్కించుకోవాల్సిన లోడు ఎంతిచ్చినా గాలి చూడకుండా ఒప్పుకోకు. ఎల్క్ మౌంటెన్ దగ్గర ఒకే మధ్యాహ్నం మూడు ట్రెయిలర్లు పక్కకు పడి ఉండటం చూశాను. రోడ్డు మూసేశారని ఏజెంటుకు చెబితే ఎవరూ ఏమీ అనరు.

లీజు మీద సంతకం పెట్టకముందు ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు, శనివారం కల్లా చదివి గుర్తులు పెట్టి ఇస్తా. డాలస్ మీదుగా ఎప్పుడు పోయినా ఇంటికి రా, ట్రక్కు పెట్టుకోవడానికి ఇంటికి నాలుగు మైళ్లలో చోటుంది, నేను కారులో వచ్చి తీసుకెళ్తా, మీ అత్త గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఉంచింది. మొదటి లోడు ఎక్కించుకున్న రాత్రి ఎక్కడ ఆపావో మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పు. ఆ తర్వాత నాకు.

మీ మావయ్య